తవ్విన మన్ను ఎక్కడ పోశావు?

మన సోలాపూర్ నుంచి ముంబయి వెళ్ళే బండి లోణావళా దాటిన తర్వాత కొండ దిగడం మొదలుపెడుతుంది. ఒక సొరంగం, కొంచెం వెలుగు, మళ్ళీ సొరంగం. పిల్లలందరూ కిటికీల దగ్గర చేరి అరుస్తారు. తిరిగి వచ్చేటప్పుడు కర్జత్ స్టేషన్‌లో బండి ఆగుతుంది. పెద్దవాళ్ళు వడాపావ్ కోసం దిగుతారు. ఆలోగా బండి వెనకాల అదనపు ఇంజన్లు తగిలిస్తారు. వాటిని బ్యాంకర్లు అంటారు. ముందు ఇంజన్ లాగుతుంటే ఇవి వెనక నుంచి నెడతాయి. అలా నెడితేగాని బండి ఘాట్ ఎక్కదు. మన ఊళ్ళో చాలామంది ఈ దారిలో ఎన్నోసార్లు పోయి ఉంటారు. నేనూ పోయాను. కానీ ఆ కొండను నా చేతులతో తవ్వాల్సి వచ్చేదాకా దాని గురించి నాకేమీ తెలియదు.

నిజంగా తవ్వలేదు లెండి, కంప్యూటర్‌లో తవ్వాను. మా చిన్నాన్న దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉంది. అందులో ఓపెన్ రైల్స్ అనే ఉచిత రైలు సిమ్యులేటర్ వేసుకున్నాం. ఇందులో ఉన్న దారుల్లో బండి నడపడమే కాదు, ఎడిటర్ ఉంటే మనకు కావలసిన దారిని మనమే తయారు చేసుకోవచ్చు. పోయిన వేసవి సెలవుల్లో నేను భోర్ ఘాట్ చేద్దామనుకున్నాను. అది కూడా ఇప్పటిది కాదు, 1863లో మొదటిసారి బండి ఎక్కిన పాత దారి. చరిత్ర పాఠంలో అది రెండు వాక్యాల్లో అయిపోతుంది. నాకు మాత్రం రెండు నెలలు పట్టింది.

ముందు నేల కావాలి. కొండలూ లోయలూ ఊహించి గీస్తే అది భోర్ ఘాట్ అవదు. అసలు ఎత్తులు కావాలి. అవి ఎక్కడివంటే, అంతరిక్షం నుంచి కొలిచినవి. 2000 ఫిబ్రవరి 11న అమెరికా వాళ్ళ ఎండీవర్ స్పేస్ షటిల్ ఆరుగురితో పైకి వెళ్ళింది. అందులో ఒక రాడార్ ఆంటెన్నా ఉంది. 60 మీటర్ల పొడవున్న కమ్మీని బయటికి చాపి, దాని చివర ఇంకో ఆంటెన్నా పెట్టారు. మనకు రెండు కళ్ళు ఉండబట్టే దూరం ఎంతో తెలుస్తుంది కదా, ఇదీ అంతే. ఒకే చోటును రెండు ఆంటెన్నాలు చూస్తే ఆ రెండింటి తేడా నుంచి నేల ఎత్తు లెక్క కట్టవచ్చు. 11 రోజుల్లో భూమ్మీద ఉన్న నేలలో దాదాపు 80 శాతం కొలిచేశారు. మొదట్లో మన దేశం లాంటి చోట్లకు 90 మీటర్లకు ఒక ఎత్తు చొప్పున మాత్రమే ఇచ్చారు. 30 మీటర్లకు ఒకటి ఉన్న వివరమైన డేటా 2014, 2015 సంవత్సరాల్లో అందరికీ దొరికింది.

ఈ డేటా అక్షాంశ రేఖాంశాల ప్రకారం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు ఉన్న గడికి ఒక ఫైలు. కర్జత్, ఖండాలా, లోణావళా మూడూ 18, 19 అక్షాంశాల మధ్య, 73, 74 రేఖాంశాల మధ్య ఉన్నాయి. అంటే మొత్తం ఘాట్ ఒకే ఫైలులో దొరికింది. ఆ ఒక్క ఫైలులో 3,601 వరుసలు, ఒక్కో వరుసలో 3,601 ఎత్తులు. గుణిస్తే ఒక కోటీ ఇరవై తొమ్మిది లక్షలకు పైగా అంకెలు! అది చూసి ఇక నా పని అయిపోయినట్టే అనుకున్నా. పట్టాలు పరిచేసి బండి నడపడమే కదా అని.

పట్టాలు పరిచాను. బండి పది అడుగులు కూడా సరిగా పోలేదు.

మొదటి తప్పు అంకెల్లోనే ఉంది. ఆ ఫైలులో ఎత్తులన్నీ పూర్తి మీటర్లలోనే ఉంటాయి. అర మీటరు, పావు మీటరు ఉండవు. భోర్ ఘాట్‌లో అన్నిటికన్నా నిటారుగా ఉన్న ఎక్కుడు 37కు 1. అంటే 37 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. ఆ లెక్కన 30 మీటర్లకు 81 సెంటీమీటర్లు పెరగాలి. ఫైలులో 81 సెంటీమీటర్లకు చోటు లేదు. అది ఒక మీటరైనా కావాలి, సున్నా అయినా కావాలి. అందుకే అక్కడ పట్టాలు 30 మీటర్లు నిటారుగా ఎక్కి, ఇంకో 30 మీటర్లు ఎక్కి, తర్వాత 30 మీటర్లు చదునుగా ఉండి, మళ్ళీ ఎక్కాయి. మెట్ల మీద రైలు నడిపినట్టయింది.

రెండో తప్పు చెట్లది. రాడార్ పైనుంచి చూస్తుంది కాబట్టి దట్టమైన అడవి ఉన్న చోట దానికి మట్టి కనపడదు, చెట్ల కొమ్మలు కనపడతాయి. ఖండాలా చుట్టూ అడవే. నేల ఉన్నదానికన్నా ఎత్తుగా వచ్చింది.

మూడో తప్పు లోయలది. రాడార్ పక్కనుంచి ఏటవాలుగా చూస్తుంది. నిటారు కొండ వెనకాల దానికి కనిపించని నీడ పడుతుంది. అలాంటి చోట మొదటి తరం ఫైళ్ళలో ఎత్తు ఉండదు, -32,768 అనే అంకె ఉంటుంది. 'ఇక్కడ ఏమీ తెలియలేదు' అని దాని అర్థం. తర్వాతి ఫైళ్ళలో ఆ ఖాళీలను వేరే కొలతలతో పూడ్చారు. నేను తెలియక ముందు పాత ఫైలు వేసుకున్నాను. ఎడిటర్ ఆ అంకెను నిజమైన ఎత్తే అనుకుంది. ఖండాలా కింద 32 కిలోమీటర్ల లోతు గుంత పడింది! మా తమ్ముడు చూసి పాతాళం అదేనా అని అడిగాడు.

ఇవన్నీ ఒక్కొక్కటే సరిచేయవచ్చు. కానీ నన్ను ఆలోచనలో పడేసింది నాలుగోది. రైలు దారి అసలు ఆ డేటాలో కనపడనే లేదు. లోతుగా తవ్విన కటింగులు లేవు. లోయల మీద కట్టిన వంతెనలు లేవు. కారణం ఏమిటంటే, పట్టాల కోసం కొండలో తవ్విన కటింగు అడుగున కొన్ని మీటర్ల వెడల్పే ఉంటుంది. డేటాలో ఒక్కో అంకె 30 మీటర్ల చోటు మొత్తానికి ఒకటే. ఇటుపక్క కొండ, అటుపక్క కొండ, మధ్యలో కటింగు, మూడూ కలిసిపోయి సగటు వచ్చేస్తుంది. సొరంగమైతే సరే సరి, పైనుంచి చూస్తే కొండే. కొండ చేసిందంతా ఫైలులో ఉంది. మనుషులు చేసింది మాత్రం కలిసిపోయి మాయమైంది.

కాబట్టి ఆ మనుషులు చేసిన పనంతా మళ్ళీ నేనే చేయాలి. అందుకోసం వాళ్ళ చరిత్ర చదవాల్సి వచ్చింది.

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుంచి థానేకు నడిచింది. నడిపింది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే. దాని చీఫ్ ఇంజనీరు జేమ్స్ జాన్ బర్క్‌లీ. సముద్రం ఒడ్డున ఉన్న బొంబాయికి, పైన దక్కన్ పీఠభూమికి మధ్య సహ్యాద్రి గోడలా నిలబడి ఉంది. పత్తి అంతా గోడకు పైన ఉంది, ఓడలేమో కింద. అందుకే ఎలాగైనా ఘాట్ ఎక్కాలని 1856లో పని మొదలుపెట్టారు. ఘాట్ పూర్తి కాకముందే 1858లో పైన ఖండాలా నుంచి పూనా దాకా రైలు వచ్చింది. 1860లో మన సోలాపూర్ దాకా వచ్చేసింది. కానీ మధ్యలో కొండ దగ్గర దారి తెగి ఉంది. ప్రయాణికులు ఖండాలాలో బండి దిగి, పల్లకీల్లోనో ఎడ్లబండ్లలోనో కొండ దిగి, కింద ఇంకో బండి ఎక్కేవాళ్ళు. సరుకు కూడా అంతే, దింపుకోవాలి, మోసుకోవాలి, మళ్ళీ ఎక్కించుకోవాలి. 1863లో ఘాట్ దారి తెరిచాక గానీ ఆ తిప్పలు తీరలేదు. తర్వాత 1877లో మన ఊళ్ళో జూనీ మిల్లు వచ్చింది. మగ్గం పని తెలిసిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. నేసిన చాదర్లు బొంబాయి చేరిన దారి ఇదే.

ఆ దారి పొడవు 15¾ మైళ్ళు. ఎక్కిన ఎత్తు 1,831 అడుగులు. ఈ రెండు అంకెలతో నేను లెక్క చేశాను. మైలుకు 5,280 అడుగులు కాబట్టి పొడవు 83,160 అడుగులు. దాన్ని 1,831తో భాగిస్తే 45 వస్తుంది. అంటే కింద నుంచి పై దాకా సగటున 45 అడుగులకు ఒక అడుగు ఎక్కుతూనే ఉండాలి. కొండ మీద అంత పొడవు చోటు దొరకదు. పైభాగంలో ఒకచోట గట్టు చివరికి వచ్చేసరికి దారి తిప్పుకోవడానికి జాగా లేదు. అప్పుడు వాళ్ళు ఒక ఉపాయం చేశారు. అక్కడ రివర్సింగ్ స్టేషన్ కట్టారు. బండి అక్కడికి వచ్చి ఆగుతుంది. ఇంజన్ ఊడదీసి రెండో చివరికి తీసుకుపోయి తగిలిస్తారు. ముందున్న పెట్టె వెనకది అవుతుంది. బండి వచ్చిన వైపుకే మొహం తిప్పి, వేరే పట్టా మీద పైకి ఎక్కుతుంది. 1920ల చివర్లో కరెంటు ఇంజన్లు వచ్చినప్పుడు కొత్త దారి వేసి దాన్ని వదిలేశారు.

ఆ చోటు దగ్గరలోనే మొన్న మొన్నటి దాకా ఒక పాత వంతెన ఉండేది. దాని పేరు అమృతాంజన్ వంతెన. పక్కనే ఉన్న అమృతాంజన్ ప్రకటన బోర్డు వల్ల దానికా పేరు వచ్చింది. తలనొప్పికి రాసుకునే ఆ అమృతాంజనాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే. ఆంధ్రపత్రికను పెట్టింది కూడా ఆయనే. 2020 ఏప్రిల్‌లో ఆ వంతెనను కూల్చేశారు. షటిల్ కొలిచింది 2000లో. కాబట్టి నా ఫైలుకు వంతెన కూల్చిన సంగతి తెలియదు. 1863 సంగతీ తెలియదు. అప్పుడు నాకొకటి అర్థమైంది. ఎత్తుల ఫైలు కూడా ఒక పాత కాగితం లాంటిదే. దానికీ ఒక తేదీ ఉంది.

ఇక పని మొదలుపెట్టాను. ముందు కింద ఒక ఎత్తు, పైన ఒక ఎత్తు గట్టిగా పట్టుకున్నాను. స్టేషన్లలో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది కదా, అవి నాకు ఇక్కడ పనికొచ్చాయి. మధ్యలో పట్టాల ఎత్తును ఫైలు నుంచి తీసుకోలేదు, ఎక్కుడు లెక్క నుంచి కట్టాను. తర్వాత పట్టాలను కదపకుండా నేలనే పట్టాల దగ్గరికి తెచ్చాను. సిమ్యులేటర్‌లో నేల 8 మీటర్ల గడులుగా ఉంటుంది. ఒక్కో మూలను పైకి లాగవచ్చు, కిందికి నొక్కవచ్చు. నేల పట్టాలకన్నా ఎత్తుగా ఉంటే నొక్కాలి, అది కటింగు. పల్లంగా ఉంటే లాగాలి, అది కట్ట. మరీ ఎత్తయితే సొరంగం, మరీ లోతయితే వంతెన. బర్క్‌లీ ఇంజనీర్లు కూడా ప్రతి చోటా ఈ నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాల్సిందే.

ఒక సాయంత్రం నేను ఒక గుట్టను కోస్తుంటే మా నాయనమ్మ వచ్చి వెనక నిలబడింది. మౌస్ ఒక్కసారి ఇలా లాగాను, గుట్ట రెండు ముక్కలైంది, మధ్యలో దారి పడింది. నాయనమ్మ కాసేపు చూసి అడిగింది:

"మంచిగనే తవ్వినవ్ బిడ్డా. మరి తవ్విన మన్ను ఏడ పోసినవ్?"

నా దగ్గర జవాబు లేదు. కంప్యూటర్‌లో మన్ను ఎక్కడికీ పోదు. నొక్కితే మాయమవుతుంది, లాగితే పుడుతుంది.

నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ అమ్మానాన్నలతో చెరువు కట్టల పనికీ, రోడ్డు పనికీ పోయేదట. ఈ సంగతి నాకు ఆ రోజు దాకా తెలియదు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మట్టిపనికి కూలి ఎలా కట్టేవాళ్ళో ఆమె చెప్పింది. గుంత తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. పనయ్యాక మేస్త్రీ వచ్చి ఆ దిమ్మె ఎత్తు కొలుస్తాడు. దిమ్మె ఎంత ఎత్తుంటే గుంత అంత లోతు తవ్వినట్టు. దాన్ని బట్టే కూలి.

"దిమ్మె ఏడ వదలాలెనో మేస్త్రీ చెప్పేటోడు. పల్లం జాగల వదిలిపిస్తే మా కూలి తగ్గేది. మావోళ్ళు తక్కువోళ్ళా? ఆయన జూడకముందు దిమ్మె మీద గడ్డి పెళ్ళ తెచ్చి పెట్టేటోళ్ళు" అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. 30 మీటర్లకు ఒక అంకె చాలదని నేను ఇన్ని రోజులు బాధపడ్డాను. వాళ్ళకు గుంత మొత్తానికి ఒకటే అంకె, ఆ దిమ్మె ఎత్తు. అది తప్పయితే నా బండి పట్టాలు తప్పుతుంది, అంతే. వాళ్ళకు ఆ రాత్రి కూడు తగ్గుతుంది. కొలత తీసుకున్నాక దిమ్మెను కూడా తవ్వేస్తారు. అక్కడ నేల మొదట ఎంత ఎత్తుండేదో చెప్పే సాక్షి ఇక ఉండదు.

ఆ తర్వాత భోర్ ఘాట్ గురించి మళ్ళీ చదివాను. ఈసారి మన్ను మోసినవాళ్ళ కోసం వెతికాను. అక్కడ తవ్విన రాయి 5 కోట్ల ఘనపు అడుగులకు పైనే. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న తరగతి గది 4,000 ఘనపు అడుగులు. అంటే 12,500 తరగతి గదులు నిండేంత రాయి! అదంతా సుత్తులతో, ఉలులతో, మందుగుండుతో పగలగొట్టి, తట్టల్లో మోశారు. నిలబడడానికి చోటు లేని చోట పైనుంచి తాళ్ళు కట్టుకుని వేలాడుతూ రాతికి రంధ్రాలు వేశారు. 1861లో ఒక దశలో 42,000 మంది పనిచేశారు. కలరా లాంటి జబ్బులతో వేలమంది చనిపోయారు.

1859 జనవరిలో కూలి డబ్బుల విషయమై పనివాళ్ళు తిరగబడ్డారు. అప్పటి కాంట్రాక్టరు ఫేవియెల్ కొద్ది నెలల్లోనే పని వదిలేశాడు. తర్వాత ఇంగ్లండు నుంచి వచ్చిన సాలమన్ ట్రెడ్‌వెల్ కొద్ది వారాలకే జబ్బు చేసి చనిపోయాడు. ఆయన భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ కాంట్రాక్టును తన పేర పెట్టుకుని, ఇంజనీర్లతో పని పూర్తి చేయించింది. బర్క్‌లీ కూడా 1862లో చనిపోయాడు, బండి ఎక్కడం చూడలేదు. ఈ పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ 42,000 మంది మాత్రం ఒక అంకెగా ఉన్నారు. దక్షిణాదిన, పడమటి వైపున రైలు దారుల మట్టిపని, రాతిపని చేసినవాళ్ళలో తెలుగు మాట్లాడే వడ్డెరవాళ్ళకు పెద్ద పేరుంది. వాళ్ళు కుటుంబాలతో సహా పని ఉన్న చోటికల్లా పోయేవాళ్ళు. ఆడవాళ్ళు, పిల్లలు తట్టలు మోసేవాళ్ళు. మా నాయనమ్మ మోసినట్టే.

అప్పటి నుంచి నేను పని పద్ధతి మార్చాను. గుట్టను నొక్కే ముందు ఎంత మన్ను వస్తుందో లెక్క కట్టి నోటుబుక్కులో రాస్తున్నాను. ఆ మన్ను పక్కనే ఉన్న ఏ కట్టకు సరిపోతుందో చూసుకుంటున్నాను. సరిపోకపోతే పట్టాల ఎత్తు కొంచెం మార్చి మళ్ళీ లెక్క చేస్తున్నాను. ఇలా చేస్తే పని చాలా ఆలస్యం అవుతుంది. కానీ ఒక తమాషా జరిగింది. మన్ను లెక్క కలిసిన చోట్లలో దారి చూడ్డానికి కూడా నిజమైన దారిలా వచ్చింది. పాత ఇంజనీర్లకు తవ్విన మన్నును దూరం మోయించడం ఖర్చు. కాబట్టి కొండను కోసినదానితోనే లోయను పూడ్చేలా దారి గీసేవాళ్ళు. దారి వంపుల్లో మనుషుల వీపుల బరువు కూడా ఉందన్నమాట.

ఇప్పుడు నా దగ్గర రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి షటిల్ కొలిచిన నేల, ఇంకొకటి నేను సరిచేసిన నేల. ఒకదానిలోంచి ఇంకొకటి తీసేసి, వచ్చిన తేడాకు రంగులు వేశాను. తవ్విన చోట ఎరుపు, పోసిన చోట నీలం. కొండలు, అడవులు అన్నీ తెల్లగా అయిపోయాయి, ఎందుకంటే అక్కడ తేడా ఏమీ లేదు. మిగిలింది కర్జత్ వైపు నుంచి ఖండాలా దాకా వంకరగా ఎక్కే ఒక సన్నని గీత, ఎరుపు, నీలం, ఎరుపు, నీలం. నా కొలతల్లో ఇంకా తప్పులుంటాయి, తెలుసు. కానీ మనుషులు చేసిన పనికి ఒక బొమ్మంటూ ఉంటే అది ఇలాగే ఉంటుందని నాకనిపించింది. ప్రింటు తీసి నాయనమ్మకు చూపించాను. ఆమె ఎర్ర గీత మీద వేలు పెట్టి పై దాకా జరిపింది.

"ఇదంత తట్టలతోనే మోసిండ్రా?" అంది.

"అవును నాయనమ్మా."

ఆమె ఇంకేమీ అనలేదు. ఆ కాగితం ఇప్పుడు ఆమె పెట్టెలో, రేషన్ కార్డు పక్కన ఉంది.

ఈసారి మీరు ముంబయి వెళ్ళేటప్పుడు ఘాట్‌లో కిటికీ పక్కన కూర్చోండి. సొరంగం వస్తే అరవండి, నేనూ అరుస్తాను. బయటికి వచ్చాక పట్టాల పక్కన అక్కడక్కడా చిన్న స్తంభాలు కనిపిస్తాయి, వాటి మీద ఒక అంకె ఉంటుంది. ఎన్ని అడుగులకు ఒక అడుగు ఎక్కుతున్నామో అది చెబుతుంది. దాన్ని చూసిన తర్వాత ఒక్కసారి ఆ పక్కనున్న రాతిగోడను కూడా చూడండి. అక్కడి రాయి ఎక్కడికి పోయిందో, ఎవరు మోశారో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. జవాబు మీ ఇంట్లోనే ఉండొచ్చు, మా ఇంట్లో ఉన్నట్టు.